రెండు పేర్లు, ఒక్క మనిషి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం గేటు దగ్గర ఒక తమాషా జరిగింది. బాడ్జీలు రాసి ఇస్తున్న అమ్మాయి నా పేరు అడిగింది. "అంతోని, 1978 బ్యాచ్" అన్నాను. ఆ అమ్మాయి లిస్టు పైనుంచి కిందికి రెండుసార్లు చూసి "మీ పేరు లేదండీ అంకుల్" అంది. పక్కనే ఉన్న మా బ్యాచ్ మిత్రుడు పెద్దగా నవ్వి "వీడు రిజిస్టర్లో దొరకడమ్మా, బోర్డింగులో దొరుకుతాడు" అన్నాడు. అప్పుడు నా రికార్డు పేరు చెప్పాను, దొరికింది. ఆ అమ్మాయి బాడ్జీ మీద రెండు పేర్లూ రాసి ఇచ్చింది. ఇదిగో, పెట్టుకునే వచ్చాను.

కమిటీవారు నన్ను విశ్వాసం, నైతిక విలువలు, వ్యక్తిత్వం అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను వేదాంతిని కాను. దాదాపు ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతుల్ని. అందుకని సిద్ధాంతం జోలికి వెళ్లకుండా ఈ రెండు పేర్ల సంగతే చెబుతాను. ఇది కతోలిక కుటుంబంలో పుట్టినవాడి కథ. ఈ సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ మార్చడానికి చెప్పడం లేదు. మీరు నా ఎదుట మీ కథ చెప్పినా నేను ఇంతే శ్రద్ధగా వింటాను.

మాది పల్నాటిలో ఒక చిన్న పల్లె. ఊరికి కాస్త ఎడంగా ఉండే పేట. మా తాత కాలంలో మా పేటంతా జ్ఞానస్నానం తీసుకుంది. గుంటూరు మేత్రాసనం నెల్లూరు నుంచి విడిపడింది 1940లో. ఆ రోజుల్లో మా పేటకు గుడి అంటే తాటాకుల పాక. ఉపదేశిగారే అన్నీ. ఫాదరుగారు నెలకొకసారి బండి మీద వచ్చి పూజ చెప్పి వెళ్లేవారట. నేను పుట్టినప్పుడు పునీత అంతోనివారి పేరుతో నాకు జ్ఞానస్నానం ఇప్పించారు. విచారణ పుస్తకంలో ఆ పేరే ఉంది. అయితే బడిలో చేర్చేటప్పుడు మా నాన్న మా తాత పేరు రాయించాడు. మతం అన్న చోట హిందువు అని, కులం అన్న చోట మా కులం పేరు రాయించాడు.

ఎందుకో ఇక్కడున్న చాలామందికి తెలుసు. తెలియని చిన్నవాళ్ల కోసం చెబుతాను. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల వాడిగా లెక్కించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి బి.సి.-సి గ్రూపు అని పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. అంటే మా తాత గుడికి వెళ్లడం మొదలుపెట్టగానే సర్కారు లెక్కలో మా అంటరానితనం పోయింది. ఊరి లెక్కలో మాత్రం పోలేదు. టీ కొట్టులో మా గ్లాసు వేరే గ్లాసే. అంతెందుకు, పండక్కి పక్క ఊరి గుడికి వెళితే అక్కడా పెద్ద కులాల కతోలికులు ఒక వైపు, మావాళ్లు ఒక వైపు కూర్చునేవారు. ఈ సంగతి దాచిపెట్టి నా విశ్వాసం గురించి మీతో మాట్లాడితే అది నిజం మాట్లాడినట్టు కాదు.

మా నాన్న కూలి మనిషి. స్కాలర్‌షిప్పు లేకపోతే నేను ఈ బడి గడప తొక్కేవాణ్ణి కాదు. ఆయన అనేవాడు: "దేవుడికి నీ పేరు తెలుసులేరా. సర్కారుకి నీ కులం చాలు."

ఆరో తరగతిలో హాజరు పిలిచేటప్పుడు రికార్డు పేరు పిలిస్తే నేను పలికేవాణ్ణి కాదు. అది నా పేరని గుర్తుండేది కాదు. మా లెక్కల మాస్టారు రెండుసార్లు పిలిచి, మూడోసారి "ఒరే అంతోనీ, నిన్నేరా" అనేవారు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

సాయంత్రం బోర్డింగులో సత్యోపదేశం క్లాసు ఉండేది. మాతో చదివే బాప్టిస్టు స్నేహితుడొకడు అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్నది తొమ్మిదో ఆజ్ఞ అనేవాడు. నేను ఎనిమిదోది అనేవాణ్ణి. మా లెక్క వేరు, వాళ్ల లెక్క వేరు. ఇద్దరం కొట్టుకునేదాకా వచ్చాం. మాస్టారి దగ్గరికి వెళితే "నంబరు మీరు తేల్చుకోండి. అబద్ధం చెప్పొద్దన్నది ఇద్దరికీ కామనే కదా" అన్నారు. ఆ ఆజ్ఞ నా గురించే అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

వచ్చింది పదేళ్ల తర్వాత. డిగ్రీ, బి.ఇడి. పూర్తిచేసి నాలుగేళ్లు ఖాళీగా తిరిగాను. 1988లో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాసి ఎస్.సి. కోటాలో ఎంపికయ్యాను. చేరే ముందు కొత్తగా కుల ధృవీకరణ పత్రం తెమ్మన్నారు. విచారణకు ఆర్.ఐ.గారు మా పేటకు వస్తారని కబురు వచ్చింది. అది 1989 సంక్రాంతి దాటిన వారం.

మా ఇంట్లో తూర్పు గోడకు యేసు తిరుహృదయ పటం ఉండేది. రోజూ రాత్రి దాని ముందు కూర్చునే జపమాల చెప్పుకునేవాళ్లం. ఆర్.ఐ.గారు వచ్చే రోజు పొద్దున మా అమ్మ ఆ పటాన్ని దించి, పాత చీరలో చుట్టి, జొన్నల బస్తా వెనక పెట్టింది. మెడలో జపమాల తీసి కొంగున ముడేసుకుంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నేను చూస్తూ నిలబడ్డాను.

పటమైతే దించాం కానీ, గోడ మిగిలింది. కట్టెల పొయ్యి పొగకు గోడంతా నల్లబడి ఉంది. పటం ఉన్నంత మేర మాత్రం సున్నం తెల్లగా, నలుపలకలుగా కనబడుతోంది. పైన మేకు. ఆర్.ఐ.గారు మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఆ తెల్లటి చోటు చూశారు. మా అమ్మ వైపు చూశారు. "మేకు గట్టిగానే కొట్టారే" అన్నారు. ఇంకేమీ అడగలేదు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఆయన మంచివాడే. మమ్మల్ని గట్టెక్కించానని అనుకుని ఉంటారు.

ఆ రాత్రి జపమాలకు కూర్చున్నాం. ఉద్యోగపు ఉత్తర్వు చేతికొచ్చేదాకా పటం పెట్టొద్దని నాన్న అన్నాడు. మా అక్క కూతురికి అప్పుడు ఆరేళ్లు. అది గోడ వంక చూసి, "అమ్మమ్మా, ఇవాళ ఎటు తిరిగి చెప్పాలి?" అని అడిగింది.

మిత్రులారా, ఆ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు లేదు. నాకు ఇరవయ్యారేళ్లు. బి.ఇడి. చదివినవాణ్ణి. నేను ఎటు తిరిగి ఉన్నానో నాకే తెలియదని ఆ పిల్ల అడిగాక తెలిసింది.

ఫిబ్రవరి 11 గుణదల మరియమాత పండుగ. 1924లో ఫాదర్ అర్లాటిగారు ఆ కొండ మీద మాత స్వరూపం పెట్టినప్పటి నుంచి మన జిల్లాల జనానికి అది పుట్టింటి తిరునాళ్ల లాంటిది. మతంతో పని లేకుండా వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఆ ఏడు అమ్మను తీసుకుని నేనూ వెళ్లాను. కొండ కింద పందిళ్లలో ఫాదర్లు పాపసంకీర్తనాలు వింటున్నారు. గంటసేపు వరసలో నిలబడ్డాను.

తెర అవతల ఒక ముసలి గొంతు. ఎవరో నాకు తెలియదు. నేను పటం సంగతి, సంతకం సంగతి చెప్పాను. కాసేపు ఊరుకున్నారు. "ఉత్తర్వు తీసుకున్నావా?" అని అడిగారు. ఇంకా రాలేదన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాటలు నాకు గుర్తున్నంతలో ఇవి. "మీకు జరిగింది అన్యాయం. అది మీ పాపం కాదు. మీ అమ్మ భయపడి చేసింది. భయంతో, బలవంతం మీద చేసినదాని బరువు దేవుడు వేరే తూకంలో తూస్తాడు. ఆమెను ఒక్క మాట అనకు. కానీ ముందు పెట్టబోయే సంతకం నీది. దాన్ని నేను పెట్టించలేను, ఆపలేను. ఇంటికి వెళ్లి, పేతురు బొంకిన చోటు చదువు. తర్వాత సరస్సు ఒడ్డున ప్రభువు పేతురుతో మాట్లాడిన చోటు చదువు. రెండూ యోహాను సువార్తలోనే చదువు." అదే నాకు వేసిన ప్రాయశ్చిత్తం.

చదివాను. చిన్నప్పటి నుంచి విన్న కథలే. కానీ రెండూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చదవలేదు. పేతురు నేను ఆయన శిష్యుణ్ణి కానని బొంకింది చలికి బొగ్గుల మంట దగ్గర నిలబడి. ఉత్థానమయ్యాక ప్రభువు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి ఉంచి, పేతురును పిలిచాడు. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగాడు. నన్ను ఆపేసింది ఇంకొకటి. పేతురు అని పేరు పెట్టింది ప్రభువే కదా. ఆ రోజు ఒడ్డున ఆ పేరుతో పిలవలేదు. తండ్రి పేరు చేర్చి, పుట్టినప్పటి పాత పేరుతో సీమోను అనే పిలిచాడు. ఆ పాత పేరు వాడికే మంద కాసే పని అప్పజెప్పాడు.

అంటే రెండు పేర్లు ఉండటం తప్పు కాదు. మా తాత పేరు అబద్ధం కాదు. ఆయన నా తాతే. అంతోని అబద్ధం కాదు. అది నాకు జ్ఞానస్నానంలో వచ్చింది. జ్ఞానస్నానం ఒక్కసారే ఇస్తారు. అది వేసే ముద్ర చెరగదని తిరుసభ బోధిస్తుంది. జొన్నల బస్తా వెనక పెట్టినా చెరగదు. అబద్ధం ఉన్నది ఆ రెండు పేర్లలో కాదు. మతం అన్న గడిలో నేను నింపబోయే మాటలో ఉంది. రెండు పేర్లతో మనిషి బతకగలడు. రెండు ముఖాలతో బతికితే రాత్రి జపమాలకు ఏ ముఖంతో కూర్చోవాలో తెలియదు.

ఉద్యోగం వద్దని ఉత్తరం రాశాను. మండలాఫీసుకు వెళ్లి బి.సి.-సి పత్రం కోసం దరఖాస్తు పెట్టాను. అక్కడి గుమాస్తా అద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసి "అందరూ పైకెక్కాలని చూస్తారు. నువ్వేంటయ్యా దిగుతానంటావు?" అన్నాడు.

ఇది విని మీలో కొందరు చప్పట్లు కొట్టాలనుకోవచ్చు. దయచేసి వద్దు. దీని ఖరీదు ఒక్కణ్ణే కట్టలేదు. మా నాన్న ఇంకో ఆరేళ్లు కూలికి వెళ్లాడు. మా చెల్లెలి పెళ్లి రెండేళ్లు వెనక్కిపోయింది. నేను ట్యూషన్లు చెప్పుకుంటూ, ఒక మిషన్ బడిలో నెలజీతం సరిగ్గా రాని పని చేస్తూ 1995 దాకా గడిపాను. ఆ ఏడు టీచరు పోస్టు వచ్చింది. చిన్న చెల్లెలు ఒకసారి కోపంలో "నీ మనస్సాక్షికి మా అన్నం పెట్టావు" అంది. అది అబద్ధమని నేనీనాటికీ చెప్పలేను.

మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పటం బస్తా వెనకే ఉంది. నాన్న మాట కాదని అమ్మ పెట్టదు, అమ్మను కాదని నేను పెట్టను. తపస్సుకాలమంతా అలాగే గడిచింది. ఉత్థాన పండుగ ముందు రోజు సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాన్నే పటం తీశాడు. చీర విప్పి, తుండుగుడ్డతో దుమ్ము తుడిచి, మేకుకు తగిలించాడు. వెనక్కి తిరగకుండానే "గోడ బోసిగా ఉందిరా" అన్నాడు. నెల దాటాక నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

మనస్సాక్షి అనే మాటను ఈ రోజుల్లో నా ఇష్టం అన్న అర్థంలో వాడేస్తున్నాం. కతోలిక బోధనలో దాని అర్థం అది కాదు. 1965లో ముగిసిన రెండో వాటికన్ మహాసభ మనస్సాక్షిని మనిషి లోపలి గర్భగుడితో పోల్చింది. అక్కడ మనిషి తను రాసుకోని ధర్మాన్ని చూస్తాడు. గర్భగుడిలో దేవుడి మాట వినడానికి వెళతాం, మన మాట నెగ్గించుకోవడానికి కాదు. ఇంగ్లండులో కార్డినల్ న్యూమన్‌గారు 1875లో రాసిన ఒక లేఖలో విందులో ముందుగా మనస్సాక్షి పేరున, ఆ తర్వాతే పోపుగారి పేరున పాత్ర ఎత్తుతానన్నారు. ఆయన్ను తిరుసభ 2019లో పునీతుడిగా ప్రకటించింది. అయితే ఆయన దృష్టిలో మనస్సాక్షి అంటే మనకు నచ్చినట్టు నడిచే హక్కు కాదు. మనకు నచ్చకపోయినా వినవలసిన గొంతు. మంచి ఉద్దేశంతో చెప్పినంత మాత్రాన అబద్ధం మంచిది అయిపోదని తిరుసభ ఎంత గట్టిగా చెబుతుందో, భయంలో, పేదరికంలో నలిగి చెప్పినవాడి దోషం తగ్గుతుందని కూడా అంతే గట్టిగా చెబుతుంది. గుణదలలో ఆ ముసలి ఫాదరుగారు నాకు ఈ రెండు ముక్కలూ చెప్పారు. ఒక్కటే చెప్పి ఉంటే అయితే మా అమ్మను ద్వేషించేవాణ్ణి, లేకపోతే నన్ను నేను మోసం చేసుకునేవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత, 2022లో రెండు సంగతులు జరిగాయి. మే 15న దేవసహాయంగారిని పోపు ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. ఆయన తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో అధికారి. డచ్చి సేనాని డిలానోయ్ దగ్గర యోబు కథ విని, 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. లాజరు అన్న పేరును తమిళంలో దేవసహాయం అని పెట్టుకున్నాడు. కులం చూడకుండా అందరితో కలిసి తిన్నాడు. చెరసాల, చిత్రహింసలు అయ్యాక 1752 జనవరి 14న కాల్చి చంపారు. భారతదేశం నుంచి పునీతుడైన మొదటి గృహస్థుడు ఆయనే. ఎన్నో ఏళ్లు ఆయన పేరు చివర కులం పేరు ఉండేది. పునీతుడిగా ప్రకటించినప్పుడు అది తీసేసి ఒట్టి దేవసహాయం అన్నారు. టీవీలో ఆ పూజ చూస్తూ నేను ఏడ్చాను. పేరులో ఏది ఉంచాలో, ఏది తీయాలో తిరుసభకే ఇన్నాళ్లు పట్టింది. నాకు పట్టడంలో వింత ఏముంది?

అదే ఏడు ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. కర్నూలు ప్రాంతపు బిడ్డ. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. ఆయన పేరూ నా పేరూ ఒక్కటే. మా నాన్న అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడో అని ఆ రోజంతా అనుకున్నాను.

చట్టం సంగతి ఇంకా తేలలేదు. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లోనే షెడ్యూల్డు కులాల హోదాకు మతంతో ముడి వద్దని సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన ఇంకో కమిషను వేశారు. ఈ సభలో రెండు పేర్లతో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయని నాకు తెలుసు. నేను వారిని వేలెత్తి చూపడానికి రాలేదు. వారి ఇంటి పొయ్యి సంగతి నాకు తెలుసు, అది నా ఇంటి పొయ్యే. ఒక చేత్తో అన్నాన్ని, ఇంకో చేత్తో దేవుణ్ణి చూపించి ఏదో ఒకటి తేల్చుకొమ్మనే నియమం మారాలి. అది మారేదాకా అడుగుదాం. అయితే ఎవరం అడుగుతున్నామో దాచుకోకుండా అడుగుదాం. ముఖం దాచుకున్నవాడి అర్జీ ఎవరు తీసుకుంటారు?

గురువులకు ఒక మనవి. పిల్లవాడు పేరు పిలిస్తే పలకకపోతే చెవుడనుకోకండి. వాడికి ఇంట్లో ఇంకో పేరు ఉందేమో కనుక్కోండి. మా లెక్కల మాస్టారు హిందువులు, నిత్యం సంధ్యావందనం చేసే మనిషి. నా విశ్వాసం గురించి ఒక్కనాడూ ఏమీ అనలేదు. కానీ నన్ను నా పేరుతో పిలిచారు. నేనెవరో మర్చిపోకుండా ఉండటానికి ఫాదర్ల సత్యోపదేశం ఎంత సాయపడిందో ఆ మూడో పిలుపు కూడా అంతే సాయపడింది.

చిన్నవాళ్లకు ఒక మాట. నేనెవరు అన్న ప్రశ్నకు జవాబు ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే దొరకదు. ఏదో ఒక రోజు మీ ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమంటారు. మీ కాగితం నా కాగితంలా ఉండకపోవచ్చు. మార్కుల లిస్టు కావచ్చు, బిల్లు కావచ్చు, సాక్ష్యం కావచ్చు. ఆ రోజు రాత్రి మీ ఇంట్లో ఆరేళ్ల పిల్ల ఏ ప్రశ్న అడిగినా కళ్లలోకి చూసి జవాబు చెప్పగలిగేలా సంతకం పెట్టండి. నేను ఆ పని మొదటిసారి చేయలేకపోయాను. రెండోసారి చేశాను. మొదటిసారి తప్పినవాడికి రెండోసారి అడిగే దేవుడు ఉన్నాడన్నదే నా విశ్వాసం.

ఆ పటం ఇప్పుడు నా ఇంట్లో ఉంది. అద్దం ఒక మూల పగిలింది, మార్చలేదు. మేకు మాత్రం మా నాన్న కొట్టిన పాతదే, పాత ఇల్లు పడగొట్టేటప్పుడు పీకి తెచ్చుకున్నాను.